ఎండీ గారికి నచ్చని మాట చెప్పాలంటే ఎలా?

"మా పెద్దాయన పనిలో గట్టోడు. కానీ ఎవరి మాటా వినడు. ఆయన చేసేదాని వల్లే నష్టమొస్తోందని ఆయనకే చెప్పేదెట్లా?" రొయ్యల కంపెనీల మేనేజర్లు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల సూపర్‌వైజర్లు, ఒంగోలు ఆఫీసుల్లో లెక్కలు చూసేవాళ్ళు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది.

ఉదాహరణ ఒకటే ఉంటే పట్టుకోవడం తేలిక. నెల్లూరు జిల్లాలో విడవలూరు, అల్లూరు వైపు తీరంలో వంద ఎకరాల రొయ్యల గుంటలున్న కంపెనీ ఒకటి ఊహించుకోండి. ఎండీ గారు ఒక్క గుంటతో మొదలుపెట్టి ఇంతదాకా వచ్చారు. నీటి రంగు చూసి తేడా కనిపెడతారు. పొద్దున ఆరింటికల్లా గట్టు మీద ఉంటారు. చెడ్డ కబురు ఎవరు తెస్తే వాళ్ళ మీద నలుగురిలో అరుస్తారు. మీరు అక్కడ మేనేజరు.

మీరు వెళ్ళేది ఆయన స్వభావాన్ని మార్చడానికి కాదు. ఒక్క పనిని ఇకమీదట వేరేగా చేయమని అడగడానికి. ఈ తేడా మనసులో లేకుండా ఆ గదిలోకి వెళ్తే, మాట బయటికి రాకముందే వ్యవహారం చెడుతుంది.

ఈ పద్ధతి దేనికి పనికిరాదు

ప్రాణం మీదికి వచ్చే విషయమైతే సమయం, సందర్భం చూడొద్దు. ఏరియేటర్ (గుంట నీళ్ళలోకి గాలి కలిపే యంత్రం) కేబుల్ తొక్క ఊడి నీళ్ళలో పడి ఉందంటే ముందు మెయిన్ ఆపండి, తర్వాత చెప్పండి. నిషేధించిన యాంటీబయోటిక్స్ (క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు) వాడమంటే అది సలహా చెప్పే సందర్భం కాదు. చేయనని చెప్పాలి, రాతలో చెప్పాలి. వాటి ఆనవాళ్ళు సరుకులో దొరికితే కంటైనర్ మొత్తం వెనక్కి వస్తుంది. ఆడవాళ్ళతో తప్పుగా ప్రవర్తించడం కూడా ఇందులోకి రాదు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయినా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఇవ్వాలి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఒక నోటుబుక్కు పేజీ. అందులో మూడు సంఘటనలు, అంతకంటే ఎక్కువ వద్దు.
- నష్టం లెక్క, చేత్తో రాసింది, అర పేజీ.
- ఆయన్ని ఏం చేయమంటున్నారో ఒక్క వాక్యం.
- ఇరవై నిమిషాల ఏకాంతం.
- మీ వైపు శుభ్రంగా ఉండాలి. డీజిల్ లెక్క, మేత స్టాకు, కూలీల హాజరు ఏది అడిగినా చూపించగలగాలి. మీ రిజిస్టర్లో నాలుగు రోజులు ఖాళీగా ఉంటే ఆయన చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. అది సరిచేసుకున్నాకే వెళ్ళండి, రెండు వారాలు ఆలస్యమైనా ఫరవాలేదు.

1. ఒక్క విషయం తేల్చుకోండి

కోపం ఎక్కువ, ఎవరినీ నమ్మడు, పొగరు. ఇవన్నీ అభిప్రాయాలు. ఫోన్ కెమెరాకు చిక్కేది ఏదో అదే రాసుకోండి. "శుక్రవారం పొద్దున 9వ గుంట గట్టు మీద ఎనిమిది మంది ముందు, రొయ్య చచ్చిందని చెప్పిన కుర్రాణ్ణి 'నీకు బుద్ధుందా' అన్నారు." ఇది కెమెరాకు చిక్కుతుంది.

ప్రతి సంఘటనకూ తేదీ, చోటు, అన్న మాట ఉన్నదున్నట్టుగా, ఆ తర్వాత జరిగింది రాయండి. నాలుగోది చాలా ముఖ్యం, చాలామంది రాయనిదీ అదే. ఇలా ఉండాలి: "మంగళవారం రాత్రి 3 గంటలకు మీటర్లో డి.ఓ. (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) 2.8. ఎవరికీ ఫోన్ రాలేదు. ఐదున్నరకు రొయ్య పైకి తేలింది. ఎందుకు చెప్పలేదని అడిగితే: 'పోయినవారం ఆ అన్నను అందరి ముందర తిట్టారు గదా సార్. ఇంకో ఏరియేటర్ వేస్తే సర్దుకుంటదిలే అనుకున్నా.'"

మూడు సంఘటనలూ ఒకే విషయానికి చెందాలి. తిట్టడం ఒకటి, జీతాలు ఆలస్యం ఒకటి, టెక్నీషియన్ని దాటి నేరుగా కుర్రాళ్ళకు ఫోన్ చేయడం ఒకటి అని కలిపితే ఆయన వాటిలో తేలికైనది పట్టుకుని దాని మీదే మాట్లాడతారు. మిగతావి ఇంకో పంటకు ఉంచండి.

2. నష్టాన్ని ఆయన కొలతలో పెట్టండి

"కుర్రాళ్ళు బాధపడుతున్నారు" అంటే ఇలాంటి పెద్దమనిషికి ఎక్కకపోవచ్చు. అది నిజమే, ముఖ్యమే. కానీ ఆయన రోజూ ఆలోచించేది కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు), టన్నేజీ, డీజిల్, మేత. అందులో చెప్పండి.

వెనామీ రకం రొయ్యల గుంటలో డి.ఓ. 4 పీపీఎం పైన ఉండాలి. 3 కిందికి దిగితే రొయ్య మేత తగ్గిస్తుంది, ఇంకా పడితే పైకి తేలుతుంది. నీళ్ళలోని పాచి పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదీ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామునే డి.ఓ. బాగా పడుతుంది, ముందురోజు మబ్బు పట్టి ఉంటే ఇంకా పడుతుంది. మూడింటికి ఫోన్ వస్తే జనరేటర్ వేసి అదనపు ఏరియేటర్లు తిప్పడానికి రెండు గంటలకు పైగా చేతిలో ఉంటాయి. ఐదున్నరకు తెలిస్తే చచ్చినవి ఏరుకోవడమే. ఇదంతా ఆయనకు మీకంటే బాగా తెలుసు, కాబట్టి పాఠం చెప్పకండి. ఆ రెండున్నర గంటలు ఎక్కడ పోయాయో ఒక్కటే చూపించండి.

లెక్క ఇలా వేయండి. హెక్టారు గుంట, 4 లక్షల సీడ్ (రొయ్య పిల్లలు), 80 శాతం బతుకు, 50 కౌంట్. అంటే 6.4 టన్నులు. ఒక రాత్రి అందులో పదో వంతు పోతే 640 కిలోలు. కిలో 300 రూపాయలు అనుకున్నా 1,92,000. ధర దగ్గర ఆరోజు గట్టు మీద కొనుగోలుదారు చెప్పిన రేటు వేయండి, రెండు రేట్లుంటే తక్కువది.

మీ విషయం అరుపు కాక, ఆయన టెక్నీషియన్ని దాటి "మేత పెంచండి" అని నేరుగా ఫోన్ చేయడమే అయితే లెక్క ఎఫ్.సి.ఆర్.లో (కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందో చెప్పే అంకె) ఉంటుంది. అదే 6.4 టన్నులకు ఎఫ్.సి.ఆర్. 1.3 నుంచి 1.5కు పోతే 1,280 కిలోల మేత ఎక్కువ తిన్నట్టు. కిలో 90 వేస్తే 1,15,200. చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూడటానికి గుంటలో దించే పళ్ళెం) మిగిలిన మేత రికార్డు పక్కన పెట్టండి.

గ్రానైట్ ఫ్యాక్టరీలో అయితే, తిట్లకు జడిసి ఆపరేటర్ కనపడనీయని సన్నటి పగులు కంటైనర్ దాటి కొన్నవాడి దగ్గర బయటపడి, బిల్లులో కోత పడిన స్లాబుల లెక్క.

హెచ్చరిక: అంకె పెంచకండి. ఒక్క అంకె తప్పని తేలితే ఆ ఇరవై నిమిషాలూ ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి. అంచనా వేసిన చోట "ఇది నా అంచనా" అని మీరే ముందు చెప్పండి.

3. వేళ, చోటు

పట్టుబడి (గుంటలో రొయ్య పట్టి అమ్మే) రోజు వద్దు. అమావాస్య, పౌర్ణమికి అటూ ఇటూ రెండు రోజులు వద్దు. రొయ్య కుబుసం విడిచే రోజులు, ఆయన నిద్రలేకుండా ఉంటారు. బ్యాంకువాళ్ళు వచ్చి వెళ్ళిన రోజూ వద్దు. పట్టుబడి డబ్బు చేతికొచ్చిన రెండో మూడో రోజు, మధ్యాహ్నం భోజనమయ్యాక నాలుగు గంటల ప్రాంతం మంచిది.

గట్టు మీద చెప్పకూడదు, ఇంట్లో భార్యాబిడ్డల ముందు చెప్పకూడదు. కారులో చెన్నై వెళ్ళేటప్పుడు తీరిగ్గా చెప్పొచ్చు అనుకుంటారు చాలామంది. ముందు సీట్లో డ్రైవర్ ఉంటాడు. అతని ముందు అన్న మాట నలుగురిలో అన్నట్టే. పైగా మాట చెడితే కాళహస్తి రోడ్డు దాటకముందే మౌనం మొదలై చెన్నైదాకా అలాగే కూర్చోవాలి. ఆఫీసు గది, తలుపు మూసి, ఇద్దరే. ఫోన్లో వద్దు. వాట్సాప్‌లో అసలే వద్దు, అది ఎవరి చేతికి పోతుందో మీ వశంలో ఉండదు.

4. తలుపు తట్టడం

ఒకరోజు ముందే అడగండి: "సార్, రేపు సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు కావాల. రాత్రి డ్యూటీ గురించి. మీతో ఒక్కరితోనే మాట్లాడాల." విషయం ఏమిటో ఒక మాట తెలియనివ్వాలి, లేకపోతే మీరు ఉద్యోగం మానేస్తున్నారేమోనని ఆయన రాత్రంతా ఆలోచిస్తారు. "ఇప్పుడే చెప్పు" అంటే కాగితాలు చేతిలో ఉంటే చెప్పండి, లేకపోతే "లెక్క రాసుకుని రేపు వస్తా సార్" అనండి. సగం సిద్ధమై మొదలుపెట్టకండి.

5. అసలు మాట: ఒక నిమిషం లోపు

ముందురోజు గది తలుపేసుకుని పైకే చెప్పి చూసుకోండి, గడియారం పెట్టుకుని. నిమిషం దాటితే కోయండి.

"సార్, శుక్రవారం గట్టు మీద ఎనిమిది మంది ముందు, రొయ్య చచ్చిందని చెప్పినోణ్ణి మీరు తిట్టారు. మంగళవారం రాత్రి మూడింటికి డి.ఓ. 2.8కి పడితే మనకు ఐదున్నరకు తెలిసింది. చెడ్డ కబురు చెప్పడానికి గుంటల మీద జంకుతున్నారు. ఆ షిఫ్టు బాధ్యత నాది, నేనూ చూసుకోవాల్సింది. ఆ రెండున్నర గంటల ఖరీదు ఇదిగో." కాగితం ఆయన వైపు తిప్పి పెట్టండి. ఆగండి.

ఇదే మాట చెడగొట్టే తీరు ఒకటుంది: "సార్, మీలాంటి మనిషి జిల్లాలో లేరు, మీ కష్టం మాకు తెలుసు, కానీ ఏమనుకోకండి, అందరూ అనుకుంటున్నారు, మీరు కొంచెం కోపం తగ్గించుకుంటే..." పొగడ్త వినగానే ఆయన వెనక ఏదో వస్తోందని పసిగడతారు. "అందరూ" అనగానే ఆ అందరూ ఎవరో అడుగుతారు. "కొంచెం తగ్గించుకోవడం" అంటే రేపు గట్టు మీద ఏం చేయాలో ఆయనకు తెలియదు.

కబురు దాచిన కుర్రాడి పేరు, మాట మీ నోటి నుంచి రాకూడదు. ఆరోజు ఏ గుంటో ఆయనకు తెలుసు, ఎవరి డ్యూటీయో కూడా తెలుసు. అందుకే "బాధ్యత నాది" అనే వాక్యం పెట్టాం. అది వినయం కోసం కాదు, కుర్రాడికి అడ్డు నిలబడటానికి.

6. ఆయన ఎదురు తిరిగినప్పుడు

ఎక్కువమంది ఇక్కడే జారిపోతారు. కాగితం పెట్టాక వచ్చే నిశ్శబ్దాన్ని భరించలేక తామే మాట్లాడటం మొదలుపెట్టి, చెప్పినదాన్ని తామే పలచన చేస్తారు. పది సెకన్లు లోపల లెక్కపెట్టుకోండి. ఆయన ఫోన్ చూసుకుంటున్నా ఆగండి. తర్వాత వచ్చే మాట చాలావరకు వీటిలో ఒకటి అవుతుంది:

"నేను అరవకపోతే ఈడ పని జరుగుద్దా?" దీనికి వాదం వద్దు. "పని జరుగుతోంది సార్. కబురు రావడంలా." అంతే.

"ఎవడు చెప్పాడు నీకు?" "పేరు చెబితే రేపటినుంచి నాకు కూడా ఎవరూ చెప్పరు సార్. రిజిస్టర్లో టైము చూడండి."

"నువ్వేం చేస్తున్నావు మరి?" మీ తప్పు ఉంటే ఒక్క వాక్యంలో ఒప్పుకోండి: "రాత్రి రెండోసారి రౌండ్ పెట్టాల్సింది, ఈ వారం నుంచి పెట్టా." వెంటనే విషయానికి రండి. సంజాయిషీ సాగదీస్తే విచారణ మీ మీదికి మళ్ళుతుంది.

"సరే సరే, చూద్దాంలే." ఇది చాలా ప్రమాదకరమైన జవాబు, ఎందుకంటే విన్నట్టే ఉంటుంది. ఏడో అడుగులోని అభ్యర్థన అప్పుడే, ఆ క్షణమే పెట్టండి.

గొంతు పెంచితే మీరు తగ్గించండి. మాట వేగం పెరగనివ్వకండి. రెండోసారీ అదే గొంతు వస్తే: "ఇప్పుడు వద్దు సార్, రేపు వస్తా" అని కాగితం అక్కడే వదిలి లేవండి. కాగితం వదలడం మరిచిపోవద్దు. చాలామంది పెద్దమనుషులు ఎదుటి మనిషి వెళ్ళాకే చదువుతారు.

అన్నిటికంటే కష్టమైనది: "నీకు నేనేం తక్కువ చేశా?" మన వైపు కంపెనీల్లో ఇది ఊరికే వచ్చే మాట కాదు. మీ అమ్మాయి కాలేజీ ఫీజు ఆయనే కట్టి ఉండొచ్చు, ఇంట్లో జబ్బు చేస్తే నెల్లూరు ఆసుపత్రికి ఆయన కారే వచ్చి ఉండొచ్చు. ఇక్కడ చాలామంది కరిగిపోయి "అయ్యో, నా ఉద్దేశం అది కాదు సార్" అని మొత్తం వెనక్కి తీసుకుంటారు. తీసుకోకండి. "మీరు చేసింది మర్చిపోయేది కాదు సార్. అందుకే బయట అనకుండా మీ దగ్గరికే వచ్చా." ఇది నిజం కాబట్టి నిలబడుతుంది. మళ్ళీ ఆగండి.

7. అడగవలసింది అడగండి

మానేయమని అడిగితే మానలేరు. బదులు ఏం చేయాలో ఇవ్వండి, గడువు పెట్టండి: "ఈ పంట అయ్యేదాకా, చెడ్డ కబురు తెచ్చినోణ్ణి గట్టు మీద ఏమీ అనొద్దు సార్. తప్పుంటే తొమ్మిదింటికి ఆఫీసులో నన్ను పెట్టి అడగండి." అడిగే హక్కు ఆయనకే ఉంది, చోటూ వేళా మాత్రం మారాయి. గట్టి మనిషి ఇది ఒప్పుకోగలరు.

వీలైతే మార్పు ఆయన నోటితోనే బయటికి రానివ్వండి. "రాత్రి రెండింటికైనా ఫోన్ చేయండి, ఎవరినీ ఏమీ అనను" అని ఆయనే గట్టు మీద చెబితే, మీరు వందసార్లు చెప్పినదానికంటే బలంగా పనిచేస్తుంది. అది మీ ఆలోచన అని ఎవరికీ తెలియకపోయినా నష్టం లేదు.

ఇంకొక సంగతి ఆ గదిలోనే చెప్పాలి, చాలామంది మరిచిపోయేది: ఇది పనిచేస్తే మొదటి రెండు వారాలు చెడ్డ కబుర్లు పెరుగుతాయి. ఇన్నాళ్ళూ దాచినవి బయటికి వస్తాయి. ముందే చెప్పకపోతే "మెత్తగా ఉంటే చూడు ఎట్లా అయిందో" అని మొదటివారమే పాత దారి పడతారు.

తర్వాత లేవండి. టీ తాగమంటే తాగండి, కానీ ఆ విషయం మళ్ళీ ఎత్తకండి.

8. బయటికి వచ్చాక

ఎవరికీ చెప్పొద్దు. టెక్నీషియన్‌కీ వద్దు, అకౌంటెంట్‌కీ వద్దు. "సార్‌కి గట్టిగా చెప్పి వచ్చా" అనే మాట సాయంత్రానికి గుంటలన్నీ తిరిగి మర్నాడు ఆయన చెవిలో పడుతుంది. అప్పుడు మీరు చెప్పిందంతా ఆయన్ని తక్కువ చేయడానికే అయిపోతుంది. ఆయన ఒప్పుకున్నది మాత్రం మామూలు పని సందేశంలా పంపండి: "సార్, రాత్రి డి.ఓ. 3.5 కంటే తగ్గితే వెంటనే ఫోన్ చేయమని అందరికీ చెప్పాను." తిట్ల ఊసు అందులో ఉండకూడదు.

9. పనిచేసిందా లేదా చూసుకోవడం

ఆయన మొహం చూసి తేల్చకండి. రిజిస్టర్ చూడండి. మీటర్లో డి.ఓ. తక్కువ చూపిన టైము ఒక గడిలో, మీకు ఫోన్ వచ్చిన టైము పక్క గడిలో. మాట్లాడకముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు పోల్చండి. రెండున్నర గంటల తేడా పావుగంటకు వచ్చిందంటే పనిచేసినట్టే, ఆయన మీతో ముభావంగా ఉన్నా సరే. టైములు తగ్గకపోయినా ఆయన మర్యాదగా ఉన్నారంటే, కుర్రాళ్ళు ఇంకా నమ్మలేదన్నమాట. ఇంకో నెల ఇవ్వండి.

మధ్యలో ఒకసారి పాత అరుపు వస్తుంది, పట్టుబడి ఒత్తిడిలో తప్పకుండా వస్తుంది. అప్పుడే పట్టుకోకండి. ఆ సాయంత్రం ఒక్క వాక్యం: "పొద్దున గట్టు మీద పాతదే మళ్ళీ వచ్చింది సార్." ఆయనకు అర్థమవుతుంది.

వేరే దారులు

ఎదురుగా చెప్పే చనువు లేకపోతే ప్రశ్నగా అడగండి: "సార్, మూడింటికి పడిన డి.ఓ. ఐదున్నరకు ఎందుకు తెలుస్తోందంటారు?" ఆయనే జవాబు వెతుక్కుంటారు. నెమ్మదైన దారి, కానీ కొత్తగా చేరినవాళ్ళకు ఇదే క్షేమం.

చిన్నసారు ద్వారా చెప్పించడం అందరికీ ముందు తట్టే దారి. తండ్రీకొడుకుల మధ్య వ్యాపారం గురించి ఇప్పటికే మాట పట్టింపు ఉంటే మీ విషయం అందులో కొట్టుకుపోతుంది, మీరు కొడుకు మనిషి అయిపోతారు. వాళ్ళిద్దరూ రోజూ కలిసి భోంచేసే ఇల్లయితేనే ఆలోచించండి. చాలా ఏళ్ళుగా వచ్చే ఆడిటర్ గానీ, బయటి టెక్నికల్ కన్సల్టెంట్ గానీ ఉంటే అది మెరుగు. ఆయనకు వాళ్ళతో పోటీ లేదు. వాళ్ళకు కూడా లెక్క కాగితమే ఇవ్వండి, ఫిర్యాదు కాదు.

నలుగురు కలిసి వెళ్ళడం మాత్రం వద్దు. ముగ్గురిని చూడగానే ఆయనకు అది సమ్మెలా కనిపిస్తుంది.

రెండోసారీ వినకపోతే

నెల తర్వాత కొత్త రాత్రుల లెక్కతో ఒకసారి వెళ్ళండి, పాత కాగితం కాదు. అప్పుడూ మారకపోతే మూడోసారి అదే గోడకు తల కొట్టుకోవద్దు. కబురు ఆయన దాకా పోకముందే నష్టం ఆగేలా ఏర్పాటు చేయండి: రాత్రి డ్యూటీ ఫోన్లు మీకు, టెక్నీషియన్‌కు మాత్రమే రావాలి. డి.ఓ. 3.5 కంటే తగ్గితే ఎవరినీ అడగకుండా ఏరియేటర్లు వేసే అధికారం గుంట మీది కుర్రాడికి ఇచ్చి, అది కాగితం మీద రాసి షెడ్డులో అంటించండి. పొద్దున ఆరు కాకముందే ఎండీ గారికి రాత్రి సంగతి మీరే చెప్పండి, అది కూడా ఆయన గట్టు ఎక్కకముందే.